క్రైస్తవ ధర్మమున దైవబలము

నిర్వచనము, పరిధి

మానవుడు తన శక్తికి మించిన భారమును మోయవలసి వచ్చినపుడును, పాపవాంఛను జయింపవలసి వచ్చినపుడును, తన విశ్వాసమునకు సాక్షిగా నిలువవలసి వచ్చినపుడును యేసుక్రీస్తు ద్వారమున దేవునినుండి పొందునట్టి ఆంతరంగిక సామర్థ్యమునకు క్రైస్తవ ధర్మమున దైవబలమని పేరు. సందర్భము ననుసరించి దీనినే ఆత్మబలమనియు, కృపాబలమనియు, పరిశుద్ధాత్మ శక్తియనియు వ్యవహరింతురు. తెలుగునాట రోమను కతోలికులు పవిత్రాత్మ యనియు, ప్రొటెస్టంటులు పరిశుద్ధాత్మ యనియు చెప్పుట వాడుక.

ఈ భావమును తపశ్శక్తితో పోల్చుకొనుట మన పాఠకులకు సహజము. కాని రెంటికిని మౌలికమైన భేదము కలదు. పురాణములలోని తపశ్శక్తి సాధకుడు కష్టించి కూడబెట్టిన ధనము వంటిది: శాపమునకో సృష్టికో వెచ్చించినచో తరుగును, మరల తపస్సు చేసినచో సమకూరును, విశ్వామిత్రుని కథ యిందుకు నిదర్శనము. క్రైస్తవ వేదాంతులు చెప్పు దైవబలము విశ్వాసికి ఆస్తి కాదు; ఏనాటి కానాడు దాతనుండి పుచ్చుకొనవలసినదే కాని నిలువచేసికొనదగినది కాదు. అందుచేత తన బలహీనత నంగీకరించుటయే బలమును పొందుటకు మొదటి మెట్టని దాదాపు అన్ని శాఖలును బోధించును. అట్లు లభించిన బలము కష్టమును తొలగించునా, లేక కష్టమును భరింపజేయునా యనుచోట మాత్రము శాఖల నడుమను, యుగముల నడుమను విస్తారమైన అభిప్రాయభేదము కలదు. ఈ విషయచరిత్రలో అధికభాగము ఆ భేదముయొక్క చరిత్రయే.

వేదగ్రంథాధారములు

పాతనిబంధన

బైబిలులోని ప్రాచీనభాగములలో దైవబలము బాహ్యమైనదిగను, తరచు శారీరకమైనదిగను కానవచ్చును. న్యాయాధిపతుల గ్రంథమున యెహోవా ఆత్మ సమ్సోనుపైకి వచ్చినపు డతడు సింహమును వట్టి చేతులతో చీల్చును. దేవుడు తన్ను విడిచిన పిమ్మట సామాన్యుడై శత్రువులకు చిక్కును. ప్రవక్తల కాలమునకు వచ్చుసరికి ఈ భావము లోతుపడినది. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయమందలి ఏలీయా వృత్తాంత మిందుకు ముఖ్యాధారము. కర్మెలు పర్వతముమీద బయలు ప్రవక్తల నోడించిన వెంటనే, యెజెబెలు రాణి బెదిరింపునకు భయపడి, ఏలీయా బెయేర్షెబాకు పారిపోయి, అచ్చటినుండి ఎడారిలో ఒకదినపు ప్రయాణము నడచి, బదరీవృక్షము క్రింద కూలబడి, తన ప్రాణమును తీసికొనుమని దేవుని వేడుకొని నిద్రపోవును. అప్పుడు వచ్చిన దేవదూత అతనిని మందలింపడు, ఉపదేశము చేయడు. తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, నీళ్ల బుడ్డిని చూపి తినుమనును. తిని మరల పండుకొనిన వానిని రెండవమారు లేపి, పోవలసిన దారి దూరమని చెప్పి మరల తినిపించును. ఆ భోజనపు బలముతో నతడు 40 దినములు నడచి హోరేబు కొండను చేరును. అచ్చట పెనుగాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కానరాని దేవుడు ఒక సన్నని స్వరమున మాటలాడును. అలసిన శరీరమునకు అన్నమును నిద్రయు లభించుటకూడ దైవబల ప్రాప్తిలో భాగమేయని వ్యాఖ్యాతలు ఈ ఘట్టమునుండి గ్రహించిరి.

క్రీ.పూ. 586 ప్రాంతమున యెరూషలేము నాశనమై యూదులు బబులోనునకు చెరపట్టబడిన తరువాతి పరిస్థితిని యెషయా గ్రంథము 40వ అధ్యాయము ప్రతిబింబించును. యౌవనులే సొమ్మసిల్లునట్టి సమయమున దేవునికొరకు ఎదురుచూచువారికి నూతనబలము కలుగునను వాగ్దానము అందు కలదు. ఎదురుచూచుటయే ఒక సాధన యను భావమునకు ఇదియే మూలము. తెలుగు క్రైస్తవులు దీనిని కనిపెట్టుట యందురు.

క్రొత్తనిబంధన

క్రొత్తనిబంధనలో దైవబలము క్రీస్తు జీవితమందే ద్విముఖముగా గోచరించును. ఒకవైపున రోగులను స్వస్థపరచి తుపానును శాంతింపజేయు శక్తి. వేరొకవైపున గెత్సేమనే తోటలో పాత్రను తొలగింపుమని ప్రార్థించి, అది తొలగకున్నను సిలువకు నడచిపోవు శక్తి. లూకా సువార్త ప్రకారము ఆ రాత్రి దేవదూత ఒకడు కనబడి ఆయనను బలపరచును గాని సిలువను తప్పింపడు. పునరుత్థానానంతరము శిష్యులు యెరూషలేమున వేచియుండగా, పస్కాపండుగ తరువాత 50వ దినమున, పెంతెకొస్తు పండుగనాడు, పరిశుద్ధాత్మ వారిపైకి దిగివచ్చెనని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నవి. భయముచే తలుపులు మూసికొనిన వారే బహిరంగముగా బోధించువా రగుట దీనికి ఫలముగా వర్ణితమైనది.

సిద్ధాంతరూపమున ఈ విషయమును స్థిరపరచినవాడు పౌలు. రెండవ కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయమున, తన శరీరమున ఒక ముల్లు ఉంచబడినదనియు, దానిని తొలగింపుమని ముమ్మారు వేడితిననియు, తొలగింపునకు బదులుగా కృప చాలునను ప్రత్యుత్తరము వచ్చినదనియు అతడు వ్రాసెను. ఆ ముల్లు నేత్రవ్యాధియనియు, విడిచి విడిచి వచ్చు జ్వరమనియు, మూర్ఛయనియు, విరోధుల బాధయనియు పండితులు పలువిధముల ఊహించిరి, ఏదియు తేలలేదు. బలహీనత తొలగినపుడు గాక బలహీనతయందే దైవబలము పూర్ణమగునను పౌలు నిర్ణయము తరువాతి వేదాంతమున కంతకును కీలకమైనది. ఫిలిప్పీయుల పత్రికలో తన్ను బలపరచువానియందు సమస్తమును చేయగలనను అర్థమిచ్చు వాక్యమును విద్యార్థులు పరీక్షలనాడు పుస్తకముల అట్టలమీద వ్రాసికొనుట నేడు పరిపాటి. పౌలు దానిని చెరసాలనుండి వ్రాసెను. ఆకలిగొనుటయు కడుపునిండ తినుటయు రెండును నేర్చుకొంటినని చెప్పిన వెంటనే వచ్చు వాక్యమది. విజయమునకన్న ఓర్పునకే అది యెక్కువగా సంబంధించినది.

చారిత్రక పరిణామము

హతసాక్షులు, ఎడారి మునులు

మొదటి మూడు శతాబ్దములలో రోమను సామ్రాజ్యము క్రైస్తవులను తెరలు తెరలుగా హింసించెను. క్రీ.శ. 203లో ఆఫ్రికాతీరమందలి కార్తేజీ నగరమున మృగములకు వేయబడిన పెర్పెతువ, ఫెలిచిత అనువారి వృత్తాంతము ఆ కాలపు భావమును తెలిసికొనుటకు ఉత్తమసాధనము. పెర్పెతువ ఉన్నతకుటుంబపు స్త్రీ, చంటిబిడ్డ తల్లి. చెరలో ఆమె వ్రాసికొనిన దినచర్య ఆ వృత్తాంతమున కలిసియున్నది. ఫెలిచిత బానిస, చెరలోనే ప్రసవించెను. ప్రసవవేదనతో ఆమె కేకలు వేయగా కాపలావాడు, ఈపాటి నొప్పికే యిట్లరచుదానవు మృగములయెదుట ఏమి చేయుదువని హేళనచేసెననియు, ఇప్పుడు బాధపడుచున్నది తాననియు, అప్పుడు తనలోనుండి తనకై బాధపడువాడు వేరొకడుండుననియు ఆమె బదులిచ్చెననియు ఆ వృత్తాంతము తెలుపుచున్నది. దైవబలము ప్రకృతిసిద్ధమైన బాధను మాన్పునదికాదనియు, పిలుపు వచ్చిన గడియకు అందునదనియు ఆనాటివారు తలచిరి.

హింస సమసిన పిదప ఆ పోరాటస్థానమును ఎడారి ఆక్రమించెను. ఐగుప్తు దేశపు ఆంతొనీ (సుమారు 251–356) ఏకాంతవాసమున దురాత్మలతో పెనుగులాడిన కథను అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనేసియసు గ్రంథస్థము చేసెను. సన్న్యాసాశ్రమముల స్థాపన కది ప్రేరకమైనది (చూ. సన్న్యాసము, క్రైస్తవ).

కృపావాదము

అయిదవ శతాబ్దారంభమున బ్రిటనునుండి రోమునకు వచ్చిన పెలేగియసు, మానవుడు తన స్వేచ్ఛచేతనే ధర్మమార్గమున నడువగలడని బోధించెను. హిప్పో పీఠాధిపతియైన అగస్తీను (354–430) దీనిని తీవ్రముగా ఖండించి, మంచిని కోరుటకుకూడ ముందు కృప కావలెనని వాదించెను. 418లో కార్తేజీ సభ పెలేగియసు మతమును నిరాకరించెను. 529లో ఆరెంజి సభ అగస్తీను పక్షమును కొంత మృదువుగా స్థిరపరచెను. దైవబలము మానవ ప్రయత్నమునకు తోడ్పాటు మాత్రమేనా, లేక ఆ ప్రయత్నమునకే మూలమా యను ప్రశ్న పడమటి క్రైస్తవలోకమున నేటికిని ఈ వివాదపు పరిభాషలోనే చర్చింపబడుచున్నది (చూ. కృప).

పదమూడవ శతాబ్దమున తామసు అక్వినాసు (1225–1274) ధైర్యమును నాలుగు ప్రధాన సద్గుణములలో ఒకటిగను, పవిత్రాత్మ యొసగు ఏడు వరములలో ఒకటిగనుకూడ విచారించెను. ప్రమాదముపై విరుచుకొని పడుటకన్న దానియెదుట కదలక నిలుచుటయే ధైర్యమునకు ముఖ్యలక్షణమని అతని సిద్ధాంతము.

తూర్పు సంఘములు

గ్రీకు, రష్యను మున్నగు ఆర్థొడాక్సు సంఘములు ఈ విషయమును వేరుదారిన నడపినవి. దేవుని సారతత్త్వము అగమ్యమైనను ఆయన శక్తులు మానవునకు నిజముగా సోకుననియు, ఆ సంపర్కముచే మానవుడు క్రమముగా దివ్యత్వమున పాలుపొందుననియు గ్రెగొరీ పలమాసు (1296–1359) ప్రతిపాదించెను. 1341, 1351 సంవత్సరములలో కాన్‌స్టాంటినోపులున జరిగిన సభలు దీనిని ఆమోదించినవి. ఆతోసు పర్వతమందలి మునులు యేసునామముతో కూడిన చిన్న ప్రార్థనను శ్వాసతో జోడించి ఎడతెగక జపింతురు. నామజపముతో దీనికిగల రూపసామ్యము స్పష్టము. అయినను జపము స్వతహాగా శక్తినిచ్చునని గాక, మనస్సును హృదయమున నిలిపి కృపకు ద్వారము తెరచుననియే వారి బోధ.

సంస్కరణ, ఉజ్జీవనోద్యమములు

మార్టిను లూథరు (1483–1546) 1518లో హైడెల్‌బర్గు వాదమున, దేవుని మహిమలో కాక సిలువలో వెదకువాడే నిజమైన వేదాంతియని ప్రకటించి, పౌలు భావమును సంస్కరణోద్యమమునకు పునాదిగా చేసెను. యాత్రలకును తిరుశేషములకును బదులు వాక్యమును, విశ్వాసమును బలమునకు మార్గములుగా నిలిపెను. రెండు శతాబ్దముల తరువాత ఇంగ్లండులో జాను వెస్లీ (1703–1791), 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేటు వీధి కూటమున, రోమీయుల పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను ఎవరో చదువుచుండగా హృదయము వెచ్చబడుట ననుభవించితినని వ్రాసికొనెను. మెథడిస్టు ఉద్యమమున వ్యక్తిగతానుభవమునకు ప్రాధాన్యము ఏర్పడినది యిట్లే. 1875లో ఆరంభమైన కెస్విక్ మహాసభలు పాపముపై జయమిచ్చు ఆత్మపూర్ణతను బోధించెను.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ ధార కట్టలు తెంచుకొనెను. 1904–05లో వేల్సుదేశమునను, 1905లో ఖాసీ కొండలలోను, అదే సంవత్సరమున పూనాకు సమీపమందలి కేడ్గాఁవ్‌లో పండిత రమాబాయి స్థాపించిన ముక్తి సదనమునను ఉజ్జీవములు పుట్టినవి. ముక్తి సదనమున ప్రార్థించినవారు క్షామమునుండియు వైధవ్యపు కట్టుబాట్లనుండియు రక్షింపబడిన బాలికలు, స్త్రీలు. 1906లో లాస్ ఏంజిల్సు నగరపు అజూసా వీధిలో విలియము సేమూరు అను నల్లజాతి బోధకుని ఆధ్వర్యవమున జరిగిన కూటములు పెంతెకొస్తు ఉద్యమమును ప్రపంచవ్యాప్తము చేసినవి. బానిసలుగా నుండి విడుదల పొందిన తలిదండ్రులకు పుట్టిన ఆ బోధకుని యెదుట నల్లవారును తెల్లవారును కలిసి మోకరించుట ఆనాటి అమెరికాలో మిక్కిలి అరుదు. భాషావరము, స్వస్థత, ప్రవచనము ఈ శాఖలలో ఆత్మబలమునకు గుర్తులుగా ఎంచబడును. 1967 నుండి కతోలిక సంఘమునకూడ ఈ రీతి భక్తి ప్రబలెను (చూ. పెంతెకొస్తు ఉద్యమము).

సాధనములు

దైవబలమును దేవుడు స్వేచ్ఛగా ఇచ్చుననుటలో భేదము లేకున్నను, దానిని అందుకొను మార్గముల విషయమున సంఘములు వేరు వేరు వరుసలను పాటించును. కతోలికులకును ఆర్థొడాక్సులకును సంస్కారములు ప్రధానములు: జ్ఞానస్నానము, భద్రమైన అభ్యంగనము, దివ్యసత్ప్రసాదము, పాపసంకీర్తనము, వ్యాధిగ్రస్తుల అభ్యంగనము అనునవి కృపకు కనబడు చిహ్నములు మాత్రమే కాక కృపను ప్రసాదించునవికూడ. లూథరనులు వాక్యముతోపాటు బాప్తిస్మమును ప్రభురాత్రి భోజనమును అట్లే కృపాసాధనములుగా గ్రహింతురు. బాప్తిస్టులు, బ్రదరను వారు ఈ రెంటిని విధులుగా పాటించుచు, బలమునకు వేదపఠనమును ప్రార్థనను ఆశ్రయింతురు. పెంతెకొస్తువారు హస్తనిక్షేపణమునకును ఆత్మాభిషేకమునకును ప్రాధాన్యమిత్తురు. క్వేకరు సంఘమువారు మౌనముగా కూర్చుండి ఎదురుచూతురు.

ఉపవాస ప్రార్థన తెలుగునాట అన్ని శాఖలకును సామాన్యమైన సాధనము. కోస్తాజిల్లాల గ్రామములలో వారమునకొకదినము, తరచు శుక్రవారమున, ఉదయమునుండి మూడవజాము వరకు ఇది సాగును. చెప్పులు వాకిట విడిచి, చాపలమీద స్త్రీలొకవైపు పురుషులొకవైపు కూర్చుందురు. స్త్రీలు కొంగు తలపైకి కప్పుకొందురు. డోలకు, కంజిర, చప్పట్లతో పాటలైన తరువాత సాక్ష్యములు చెప్పుదురు: బిడ్డ జ్వరము తగ్గినదని, భర్త త్రాగుడు మానెనని, మానలేదు గాని తనకు నిబ్బరము చిక్కినదని. పిమ్మట అందరు నొక్కసారిగా ఎవరి ప్రార్థన వారు పైకి చేయుదురు. క్రొత్తగా వచ్చినవానికి అది కోలాహలముగా తోచును, అలవాటైనవారికి ఆ ధ్వనిలోనే ఏకాంతము దొరకును. కాపరి తలలపై చేతులుంచి ప్రార్థించిన తరువాత మజ్జిగతోనో గంజితోనో ఉపవాసము విరుతురు. త్రాగుడు మానని భర్త గురించిన సాక్ష్యమును సంఘము తిరస్కరింపక ఆమేనని స్వీకరించుట గమనింపదగినది. కష్టమును తొలగించు బలము, భరింపజేయు బలము అను రెండు భావములును ఇచ్చట ఒకే చాపమీద ఇమిడియున్నవి.

శుష్కావస్థ

ప్రార్థించినను బలము అనుభూతికి రాని దశను క్రైస్తవ సాధకులు ఉపేక్షింపలేదు. స్పెయిను దేశపు కార్మెలు సభామఠవాసియైన సిలువ యోహాను (1542–1591) తన సభవారిచేతనే 1577లో బంధింపబడి, తొలేదో నగరమున ఇరుకుగదిలో దాదాపు తొమ్మిది నెలలు గడపి, తప్పించుకొని పోయెను. ఆతడు చీకటి రాత్రి యని పేరిడిన అవస్థలో దేవుడు దూరమైనట్లు తోచుట దైవసామీప్యమునకే గుర్తని అతని సిద్ధాంతము; ఓదార్పును ప్రేమించుట మానిపించి, ఓదార్చువానిని ప్రేమింప నేర్పుటకై ఆ శూన్యము కలుగునట. కలకత్తాలో రోగులను సేవించిన మదర్ థెరీసా దాదాపు అర్ధశతాబ్దము ఇట్టి శూన్యతను భరించినట్లు 2007లో ప్రకటితమైన ఆమె లేఖలవలన లోకమునకు తెలియవచ్చెను. ఆనందానుభవమే ఆత్మబలమునకు ప్రమాణమను బోధకు ఈ సంప్రదాయము బలమైన ప్రత్యుత్తరము.

తెలుగునాట

ఒంగోలు

అమెరికను బాప్తిస్టులు నెల్లూరున 1840లో స్థిరపడి ఎంతకాలము పనిచేసినను సంఘము పెరుగలేదు. ఆ మిషనును ఎత్తివేయవలెనను ఆలోచన పలుమారులు వచ్చినది. 1854 జనవరి 1న మిషనరీ లైమను జ్యూయెట్టు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలునొద్ద కొండపైకెక్కి ఆ ప్రాంతముకొరకు ప్రార్థించిరి. అది నేటికిని ప్రార్థన కొండగా ప్రసిద్ధము. 1866లో అదే మిషనుకు చెందిన జాను ఎవరెట్టు క్లౌ (1836–1910) ఒంగోలునకు వచ్చెను. అంతకుముందే రాజయోగ మార్గమున సత్యమును వెదకుచుండిన తాళ్లకొండపాడు నివాసి యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారముపై ఊరూర తిరుగువాడు, ఆ సంవత్సరముననే బాప్తిస్మము పొంది, తన బంధువర్గమున సువార్తను వ్యాపింపజేసెను. ఉద్యమము మిషను బంగళానుండి గాక పల్లెల మాదిగగూడెములనుండి పెరిగినదనుటకు పేరయ్య చరిత్రయే ప్రమాణము.

1876–78 నాటి మహాక్షామమున క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు తీసికొని, వేలకొలది బీదలకు కూలి కల్పించెను. పలుగుపారలతో మట్టి త్రవ్వువారి నడుమ, తట్టలు దింపి అలుపు తీర్చుకొను వేళలలో బోధకులు మాటలాడెడివారు. అన్నముకొరకు మతము మార్చుకొనిరను అపవాదు రాకుండుటకై క్షామము సాగుచుండగా బాప్తిస్మములను సంవత్సరమునకు పైగా నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటియొడ్డున, వెల్లంపల్లియొద్ద, ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచి ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

ఈ పరిణామమును గూర్చి రెండు దృష్టులు కలవు. క్షామమును పేదరికమును ప్రధానకారణములుగా చెప్పువారు కొందరు. ఊరిబావిని ముట్టరాని, గుడి మెట్టెక్కరాని జనము, తమ మొర నాలకించు దేవుడున్నాడను నమ్మికనుండి ఆత్మగౌరవమును పొందుటయే ప్రధానమని మరికొందరు. లాభమే కారణమైనచో క్షామము తీరిన వెనుక సంఘము చెదరియుండవలెను. అట్లు కాలేదు కావున రెండవ దృష్టిని త్రోసివేయుట కష్టము. తదుపరికాలమున ఈ విశ్వాసమునకు మూల్యమును కలదు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు ఆ వర్గపు హక్కులను కోల్పోవుదురు.

ఇతర కేంద్రములు

1912లో దోర్నకల్లు మేత్రాసనమునకు అధిపతియైన వేదనాయకము శామ్యూలు అజరయ్య (1874–1945) ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు. దోర్నకల్లున 1939లో ప్రతిష్ఠితమైన దేవాలయము దేశీయ శిల్పరీతులకు చోటిచ్చినది. మెదకులో చార్లెసు వాకరు పోస్నెట్టు కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవుకాలమున కూలితో పస్తులు మాన్పుటకు ఆ నిర్మాణము ఉపకరించినది.

విజయవాడయొద్ద గుణదల కొండపై మేరీమాత పుణ్యస్థలము కతోలిక భక్తికి కేంద్రము. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల తిరునాళ్లకు వచ్చువారిలో హిందువులును పెక్కుమంది. తలనీలాలిచ్చుట, కొబ్బరికాయ కొట్టుట, మ్రొక్కుబడి చెల్లించుట మొదలగు ఆచారములు అచ్చట చూడవచ్చును. కష్టనివారణమునకు దైవబలమును కోరు ప్రజాభక్తి మతపు హద్దులను పాటింపదనుటకు ఇది ఉదాహరణము.

ముంగమూరి దేవదాసు 1938లో స్థాపించిన బైబిలు మిషను ఏ విదేశసంఘపు ఆశ్రయమును లేక పెరిగినది. దైవసన్నిధిలో మౌనముగా కనిపెట్టుట ఆ మిషనువారి విశిష్టసాధన. పంజాబున సిక్కుకుటుంబమున జన్మించి, విదేశమున ఇంజనీరింగు చదువుచు క్రైస్తవుడైన భక్తసింగు (1903–2000) 1950నుండి హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనామందిరమును కేంద్రముగా చేసికొని, రాత్రిప్రార్థనలకును పరిశుద్ధ సమావేశములకును ప్రసిద్ధుడయ్యెను.

ఈ భావములు ప్రజలకు అందిన ప్రధానవాహిక పాట. పురుషోత్తమ చౌధురి (1803–1890) మున్నగువారి రచనలతో కూడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున పెక్కు కీర్తనలకు రాగతాళములు సూచింపబడియున్నవి. చదువురాని భక్తులకు ఈ కీర్తనలే కంఠస్థమైన వేదాంతము. బ్రతుకుతెరువునకై కువైటు మున్నగు గల్ఫు దేశములకు పోయిన తెలుగు స్త్రీలు, అచ్చట పెక్కుచోట్ల వారపుసెలవైన శుక్రవారమున కూడికలలో వీనినే పాడుకొందురు.

సామాజిక జీవితమున ప్రభావము

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ అను మద్యవిముక్తి సంఘపు మొదటి సూత్రము, మద్యముయెదుట తాము అశక్తులమని ఒప్పుకొనుట. ఒక క్రైస్తవ ఉద్యమమునుండి వెలువడిన ఆ సంఘపు సూత్రము నేడు మతనిరపేక్షముగా ఆచరింపబడుచున్నది. 1956 జనవరిలో, మాంట్‌గొమరీ నల్లవారి బస్సు బహిష్కారము నడుచుచుండగా, దాని నాయకుడైన మార్టిను లూథరు కింగు చంపుదుమను బెదిరింపు టెలిఫోను నందుకొని, అర్ధరాత్రి వంటయింట కాఫీగిన్నె ముందు కూర్చుండి, తన ధైర్యము సడలినదని బిగ్గరగా ప్రార్థించి నిబ్బరము పొందితినని తరువాత వ్రాసెను. కొలదిదినములకే అతని ఇంటిపై బాంబు పడెను. హిట్లరు చెరలో నుండి 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడిన జర్మను వేదాంతి డైట్రిఖు బోన్‌హోఫరు, క్రీస్తు సర్వశక్తిచే గాక బాధాసహనముచే మానవునకు తోడ్పడునని చెరలేఖలలో విచారించెను.

విమర్శలు, వివాదములు

జర్మను తత్త్వవేత్త లుడ్విగు ఫోయర్‌బాఖు 1841లో, మానవుడు తన శక్తులనే దేవునకు ఆరోపించి మరల వానిని యాచించుచున్నాడని వ్రాసెను; కార్లు మార్క్సు, సిగ్మండు ఫ్రాయిడు ఈ విమర్శను వేర్వేరు దిక్కుల పొడిగించిరి. అమెరికను మనస్తత్త్వవేత్త విలియము జేమ్సు 1902లో మూలమును విడిచి ఫలములను పరీక్షించి, ఇట్టి అనుభవములు మనుష్యుల నడవడిని నిజముగా మార్చునని అంగీకరించెను. హృదయ శస్త్రచికిత్స పొందిన 1,802 మంది రోగులపై జరిగి 2006లో ప్రకటితమైన అమెరికను పరిశోధనలో, అన్యులు చేసిన ప్రార్థనవలన ఉపద్రవములు తగ్గినట్లు కానరాలేదు. ప్రార్థన ప్రయోగశాలలో కొలువదగు ఉపకరణము కాదని వేదాంతులు సమాధానము చెప్పిరి. అయితే స్వస్థత పొందితిమను సాక్ష్యములనే ప్రమాణముగా చూపు బోధకుల కీ సమాధానము సరిపడదు.

సంఘములలోపలనే తీవ్రముగా సాగు వివాదము, ధనారోగ్యములను విశ్వాసపు ఫలములుగా వాగ్దానము చేయు సమృద్ధి సువార్తను గూర్చినది. అమెరికాలో పుట్టి టెలివిజను ద్వారమున తెలుగునాట వ్యాపించిన ఈ బోధ ప్రకారము, రోగమును దారిద్ర్యమును విశ్వాసలోపమునకు గుర్తులు. పౌలు ముల్లు ఈ వాదమున ఇముడదు. రోగికి రోగభారముపై నేరభారమునుకూడ మోపునని పూర్వసంఘముల ఆక్షేపణ. ప్రార్థనపై ఆధారపడి మందులు మానివేసి ప్రాణములమీదికి తెచ్చుకొనువారి విషయమున ఈ వివాదము సిద్ధాంతచర్చగా మిగులదు. తెలుగుదేశమున పనిచేసిన మిషనులు మొదటినుండియు ప్రార్థనను వైద్యమును వేరుచేయలేదు: 1883లో వచ్చిన లూథరను వైద్యురాలు అన్నా సారా కుగ్లరు గుంటూరున స్త్రీలకొరకు ఆసుపత్రిని నెలకొల్పెను, మదనపల్లెయొద్ద ఆరోగ్యవరమున 1915లో తెరువబడిన క్షయరోగ చికిత్సాలయమును పలు మిషనులు కలిసి నడపినవి.